గ్యాస్ గీజర్ మొదటిసారి వెలిగించడం, రోజూ జాగ్రత్తగా వాడుకోవడం: మన వైజాగ్ ఇళ్ళకి

రెండేళ్ళ క్రితం ధనుర్మాసంలో మర్రిపాలెంలో మా చిన్నాన్న వాళ్ళింట్లో మా చెల్లి పొద్దున్నే తలస్నానానికి వెళ్ళి పావుగంటైనా బయటకి రాలేదు. పిన్ని పిలిస్తే పలకలేదు, చిన్నాన్న తలుపు గడియ ఊడేదాకా తన్ని లోపలికి వెళ్తే పిల్ల కింద పడి ఉంది, గోడకి గీజర్ అలాగే మండుతోంది, గ్యాస్ వాసన మాత్రం ఏమీ లేదు. అదృష్టం బాగుండి హాల్లోకి లాక్కొచ్చి బాల్కనీ తలుపులు తీసేసరికి కళ్ళు తెరిచింది, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాక కోలుకుంది. తర్వాత గుర్తు చేసుకుంటే అంతకుముందు వారం నుంచీ స్నానం చేసి వచ్చిన ప్రతిసారీ తలనొప్పి, కడుపులో తిప్పడం అంటూనే ఉంది, మేమందరం జుట్టు సరిగ్గా ఆరబెట్టుకోట్లేదు జలుబు చేసిందిలే అనుకున్నాం. ఆ రోజు నుంచి మా చుట్టాల్లో ఎవరింట్లో గ్యాస్ గీజర్ పెట్టినా నేనే వెళ్ళి దగ్గరుండి చూస్తున్నా, అలా చూసి చూసి నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా, కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక విషయం బుర్రలో పెట్టుకోవాలి. గ్యాస్ గీజర్ దగ్గర ప్రమాదాలు రెండు, రెండూ వేరు వేరు. ఒకటి గ్యాస్ లీకవ్వడం. ఎల్పీజీకి అసలు వాసన ఉండదు, లీకైతే తెలియాలని మెర్కాప్టన్ అనే వాసన మందు కలుపుతారు, ఎల్పీజీ గాలి కన్నా బరువు కాబట్టి నేల మీద పాకుతూ వెళ్ళి మూలల్లో, గుంటల్లో కూర్చుంటుంది, గాలిలో 2 శాతం దాకా చేరితే చాలు నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. రెండోది గ్యాస్ లీకవ్వకుండా, మంట మండుతూ ఉండగానే వచ్చేది, కార్బన్ మోనాక్సైడ్. దీనికి రంగు లేదు, వాసన లేదు, కళ్ళు మండవు, దగ్గు రాదు. మన రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని ఇది ఆక్సిజన్ కన్నా రెండొందల రెట్లు ఎక్కువ గట్టిగా పట్టేసుకుంటుంది. మా చెల్లిని పడేసింది ఇదే. "వాసనేం రావట్లేదు కదా, బానే ఉందిలే" అని చాలామంది అనుకునేది ఇక్కడే, వాసన మొదటిదానికే వస్తుంది, రెండోదానికి రాదు.

ఇది ఎందుకొస్తుందో లెక్కేసి చెప్తా, లెక్క తెలిస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండానే మీకే భయం వేస్తుంది. మామూలుగా ఇళ్ళల్లో పెట్టేది నిమిషానికి 6 లీటర్ల గీజర్. ఆరు లీటర్ల నీళ్ళని నిమిషంలో పాతిక డిగ్రీలు వేడి చెయ్యాలంటే దాదాపు 12 కిలోవాట్ల మంట కావాలి, అంటే మన వంటింటి స్టవ్ బర్నర్లు ఐదారు ఒకేసారి ఫుల్లుగా పెట్టినట్టు. గంట ఆపకుండా మండితే ఇంచుమించు కిలో గ్యాస్ అవుతుంది. కిలో ఎల్పీజీ సరిగ్గా కాలాలంటే దాదాపు 12 ఘనపు మీటర్ల గాలి కావాలి. ఇప్పుడు మన అపార్ట్‌మెంట్ బాత్రూమ్ చూడండి, 5 అడుగులు బై 7 అడుగులు, ఎత్తు 8 అడుగులు, మొత్తం కలిపినా 8 ఘనపు మీటర్లే. పది నిమిషాలు గీజర్ మండితే 2 ఘనపు మీటర్ల గాలిలో ఉన్న ఆక్సిజన్ అయిపోతుంది, అంటే గదిలో పావు వంతు. ఆ గదిలోనే మనం తలుపేసుకుని, చలి అని వెంటిలేటర్ కూడా మూసేసుకుని నిలబడి ఉంటాం. ఆక్సిజన్ తగ్గేకొద్దీ మంట సగం సగం కాలుతుంది, సగం కాలిన మంట లోంచే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది.

మా అమ్మమ్మ వాళ్ళింట్లో రాగి బాయిలర్ ఉండేది, మధ్యలో గొట్టంలో బొగ్గులు, చితుకులు వేసి వేణ్ణీళ్ళు కాచేవాళ్ళు, అది ఎప్పుడూ పెరట్లోనే ఉండేది, నీళ్ళు మాత్రమే బకెట్‌లో లోపలికి వచ్చేవి. గ్యాస్ గీజర్ కూడా అంతే, నిప్పు బయట, నీళ్ళు లోపల. ఇది ఒక్కటి పాటిస్తే మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఇది పాటించకపోతే మిగతావన్నీ ఎంత బాగా చేసినా లాభం లేదు.

కాబట్టి ఎక్కడ పెట్టాలి అంటే యుటిలిటీ బాల్కనీలోనో, వెనక వరండాలోనో, గాలి ఆడే చోట గోడకి పెట్టించి పైపు మాత్రం బాత్రూమ్‌లోకి లాగించండి. మన ఊళ్ళో దీనికో చిక్కు ఉంది. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు పోర్టు నల్లదుమ్ముకి భయపడి, సముద్రం దగ్గరుండేవాళ్ళు ఉప్పుగాలికి భయపడి బాల్కనీ మొత్తం అల్యూమినియం స్లైడింగ్ అద్దాలతో మూయించేస్తున్నారు. అలా మూసేసిన బాల్కనీ బాల్కనీ కాదు, ఇంకో గది. గీజర్ అక్కడ పెడితే కనీసం ఒక అద్దం తీసేయించి గ్రిల్లో జాలీయో పెట్టించండి, "వాడేటప్పుడు తెరుస్తాంలే" అంటే కుదరదు, చలి రోజున ఎవరూ తెరవరు. ఇంకో తప్పు, బాత్రూమ్ పక్కన పైపులు దిగే సన్నటి డక్ట్‌లో పెట్టేయడం. ఆ డక్ట్‌లోకే పైఫ్లోర్ల వాళ్ళ బాత్రూమ్ వెంటిలేటర్లు ఉంటాయి, మన పొగ వాళ్ళింట్లోకి వెళ్తుంది, మనకి తెలియను కూడా తెలియదు. అలాగే బెడ్రూమ్ కిటికీకి సరిగ్గా కింద గానీ, బాత్రూమ్ వెంటిలేటర్ పక్కన గానీ వద్దు.

బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధైర్యం చెప్పుకునేవాళ్ళు ఉన్నారు. తలుపు బిగించి ఫ్యాన్ వేస్తే అది లోపలి గాలి లాగేస్తుంది, బయట నుంచి కొత్త గాలి వచ్చే దారి లేకపోతే గీజర్ పైనుంచి వెళ్ళాల్సిన పొగ తిరిగి గదిలోకే వస్తుంది. ఫ్యాన్ ఉంటే మంచిదే, కానీ లోపల పెట్టిన గీజర్‌కి అది మందు కాదు.

సిలిండర్ విషయం. నిలబెట్టే ఉంచాలి, పడుకోబెట్టకూడదు, గీజర్‌కి సరిగ్గా కింద కాకుండా మీటరైనా పక్కకి ఉండాలి, నేలమట్టానికి కిందుండే గుంటలో పెట్టకూడదు. రెగ్యులేటర్ ఇంటి సిలిండర్‌కి వచ్చే మామూలుదే వాడండి, టిఫిన్ బండ్ల వాళ్ళు వాడే హై ప్రెషర్ రెగ్యులేటర్ పెడితే మంట పైకి తన్నుతుంది. ట్యూబ్ ఆరెంజ్ రంగు సురక్ష ట్యూబే తీసుకోండి, లోపల స్టీల్ వైరు ఉంటుంది, మీటరున్నర కన్నా పొడుగు వద్దు, అంతకన్నా దూరమైతే మెకానిక్‌తో గట్టి పైపు వేయించండి, ట్యూబ్ మీద ఏడాది ప్రింట్ అయి ఉంటుంది, చూసి ఐదేళ్ళకి మార్చేయండి. కొనేటప్పుడు డబ్బా మీద ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 15558 అనే నంబర్ చూడండి, ఎల్పీజీ గీజర్లకి ఉన్న స్టాండర్డ్ అదే. మీ అపార్ట్‌మెంట్‌కి పైపు గ్యాస్ వస్తుంటే దానికి వేరే మోడల్, జెట్లు వేరు, ఎల్పీజీ గీజర్‌ని దానికి తగిలించకూడదు, దాన్ని దీనికీ తగిలించకూడదు.

ఇప్పుడు మొదటిసారి వెలిగించడం. మెకానిక్ బిగించేసి హడావిడిగా ఒకసారి వెలిగించి చూపించి వెళ్ళిపోతాడు, అతను ఉండగానే ఇదంతా మీ చేత్తో మీరు చెయ్యండి.

ముందు నీళ్ళు, గ్యాస్ జోలికి వెళ్ళొద్దు. రెగ్యులేటర్ కట్టేసే ఉంచి, సెల్స్ వెయ్యకుండా, వేడినీళ్ళ ట్యాప్ పూర్తిగా తిప్పి రెండు మూడు నిమిషాలు వదలండి. మొదట్లో బుసబుసమంటూ గాలి, తుప్పునీళ్ళు, పైపు పనిలో పడ్డ సిమెంట్ రేణువులు వస్తాయి, ధార నిలకడగా వచ్చేదాకా ఆగండి, ఆ తర్వాత ఇన్‌లెట్ దగ్గరుండే చిన్న జాలీ తీసి కడిగి మళ్ళీ పెట్టండి. ఎక్కడైనా నీటిచుక్క కారుతోందా చూడండి. తర్వాత ట్యాప్ కట్టేసి సెల్స్ వెయ్యండి, చాలా మోడల్స్‌కి పాత టార్చిలైట్లలో వేసేవాళ్ళం చూశారూ ఆ పెద్ద సెల్స్ రెండు పడతాయి, రెండూ ఒకేసారి కొన్నవే వెయ్యాలి, పాతదీ కొత్తదీ కలపొద్దు. ఇప్పుడు గ్యాస్ ఇంకా ఇవ్వకుండానే ట్యాప్ తిప్పితే లోపల టిక్ టిక్ టిక్ మని స్పార్క్ శబ్దం రావాలి. వచ్చిందంటే నీళ్ళ ఒత్తిడి సరిపోయింది, సెల్స్ సరిగ్గా పడ్డాయి అని అర్థం.

ట్యాప్ కట్టేసి రెగ్యులేటర్ ఆన్ చెయ్యండి. సబ్బునీళ్ళు నురగ వచ్చేలా కలిపి రెగ్యులేటర్ దగ్గర, ట్యూబ్ రెండు చివర్లా క్లిప్పుల దగ్గర, గీజర్ గ్యాస్ ఇన్‌లెట్ దగ్గర రాయండి, బుడగలు పెరుగుతుంటే లీకు ఉన్నట్టే, కట్టేసి బిగించి మళ్ళీ చూడండి. అగ్గిపుల్ల గీసి చూసేవాళ్ళని నా కళ్ళారా చూశాను, దయచేసి ఆ పని చెయ్యనివ్వకండి, మెకానిక్ అయినా సరే ఆపండి.

ఇక వెలిగించడమే. గ్యాస్ నాబ్ తక్కువలో, నీళ్ళ నాబ్ ఎక్కువలో పెట్టి, వింటర్ సమ్మర్ అని ఉంటే సమ్మర్‌లో పెట్టి, మొహం గీజర్‌కి దగ్గరగా పెట్టకుండా ఒక అడుగు పక్కన నిలబడి, ఇంకొకర్ని ట్యాప్ తిప్పమనండి. రెండు మూడు సెకన్లలో అంటుకోవాలి. కొత్త ట్యూబ్‌లో గాలి ఉంటుంది కాబట్టి మొదటిసారి అంటుకోకపోవచ్చు. పది సెకన్లలో అంటుకోకపోతే ట్యాప్ కట్టేసి, ఐదు నిమిషాలు ఆగండి. నిజంగా గడియారం చూసి ఐదు నిమిషాలు. ఎందుకంటే అంటుకోని ప్రతిసారీ కాస్త గ్యాస్ బయటకి వచ్చి డబ్బాలో, చుట్టుపక్కల చేరుతుంది, వెంటవెంటనే నాలుగైదుసార్లు ట్యాప్ తిప్పితే చివరికి అంటుకున్నప్పుడు అంతా కలిపి ఒకేసారి భగ్గుమంటుంది. కనుబొమ్మలు కాలడం, డబ్బా రేకు ఊడి రావడం అన్నీ ఇలా తొందరపడినప్పుడే. మూడుసార్లు ఇలా చేసినా వెలగకపోతే కట్టేసి మెకానిక్‌ని చూడమనండి.

వెలిగాక గీజర్‌కి ముందువైపు ఉండే చిన్న కిటికీలోంచి మంట చూడండి, అన్నిటికన్నా ఎక్కువ చెప్పేది మంటే. నీలంగా, పొట్టిగా, వరసగా కదలకుండా ఉండాలి. పైన పసుపు నాలుకలు ఊగుతుంటే గాలి చాలట్లేదు అనో, బర్నర్‌లో మట్టి పట్టింది అనో అర్థం. డబ్బా పైన పొగ వచ్చే చోట నల్లగా మసి కనిపిస్తే ఆ గీజర్‌ని ఆ పూట నుంచే ఆపేసి సర్వీస్ చేయించాకే మళ్ళీ వాడండి. మంట కిందకో ముందుకో తన్నుకొస్తుంటే కూడా అంతే, లోపల నీళ్ళు వేడెక్కే రాగి రెక్కలు మసితో మూసుకుపోయి పొగకి పైకి దారి లేక అలా వస్తుంది.

రోజువారీ వాడకం గురించి నేను గట్టిగా చెప్పేది ఒక్కటే, బకెట్ స్నానం. మనూళ్ళో చాలా ఇళ్ళల్లో ఎలాగూ బకెట్, మగ్గే కదా. తలుపు తీసే ఉంచి బకెట్ నింపుకుని, ట్యాప్ కట్టేసి, మంట ఆరిందని చూసుకుని, అప్పుడు తలుపేసుకుని స్నానం చెయ్యండి. అద్దె ఇల్లు, గీజర్ లోపలే ఉంది, ఓనర్ మార్చనివ్వట్లేదు అనే వాళ్ళు మార్పించేదాకా ఇలా కాక ఇంకోలా అస్సలు వాడొద్దు, షవర్ కింద నిలబడే పనే పెట్టుకోవద్దు. ఒకరి తర్వాత ఒకరు వరసగా నింపుకోవడం కూడా వద్దు, మధ్యలో పది నిమిషాలు తలుపు, వెంటిలేటర్ తీసి వదిలేయండి. చాలా మోడల్స్‌లో 20 నిమిషాలకి దానంతటదే ఆరిపోయే టైమర్ ఉంటుంది, పైన లెక్క చూశారుగా, చిన్న గదికి 20 నిమిషాలు చాలా ఎక్కువ, దాన్ని నమ్ముకోవద్దు.

పిల్లలకి, పెద్దవాళ్ళకి ఇంకో జాగ్రత్త. ట్యాప్ కట్టేసి రెండు నిమిషాలాగి మళ్ళీ తిప్పితే మొదట వచ్చే నీళ్ళు కాగిపోయి ఉంటాయి, లోపల రాగి గొట్టంలో మిగిలిన వేడికి. ఎప్పుడూ ముందు చన్నీళ్ళు సగం పట్టి దాని మీద వేణ్ణీళ్ళు పట్టండి. బాత్రూమ్ గడియ బయట నుంచి కూడా తియ్యగలిగేది పెట్టించండి, రేటు పెద్ద ఎక్కువేం కాదు, మా చిన్నాన్నకి ఆ రోజు అదే ఉంటే ఆ రెండు నిమిషాలూ కలిసొచ్చేవి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటర్ కట్టేయండి. నలుగురు తలా ఐదు నిమిషాలు వాడితే రోజుకి కిలోలో మూడోవంతు అవుతుంది, 14.2 కిలోల సిలిండర్ నెలా పది రోజులు వస్తుంది, అంతకన్నా బాగా ముందే అయిపోతుంటే లీకో, మంట సరిగ్గా కాలకపోవడమో చూసుకోవాలి.

వెలగట్లేదు అనే ఫోన్లు నాకు ఎక్కువగా టాప్ ఫ్లోర్ వాళ్ళ నుంచి వస్తాయి. "ఏటి బావా, కింద ఫ్లోర్ వాళ్ళకి ఇదే కంపెనీ బానే వెలుగుతుంది, మాకు మాత్రం టిక్కు మని కూడా అనట్లేదు" అంటాడు మధురవాడలో మా బామ్మర్ది. గీజర్‌లో నీళ్ళ ఒత్తిడికి లేచే రబ్బరు పొర ఉంటుంది, అది లేస్తేనే స్పార్క్, అది లేస్తేనే గ్యాస్. పది మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళు పడితే ఒక బార్ ఒత్తిడి వస్తుంది, టాప్ ఫ్లోర్‌కి ట్యాంక్ రెండు మూడు మీటర్లే పైన ఉంటుంది కాబట్టి పొర లేవదు. తక్కువ ఒత్తిడికి పనిచేసే మోడల్ తీసుకోవాలి, లేదా చిన్న ప్రెషర్ పంప్ పెట్టించాలి. అంతేగానీ లోపల స్విచ్‌ని వైరుతో కలిపేసి ఎప్పుడూ ఆన్‌లో ఉండేలా చేసే లోకల్ ఉపాయాలు వద్దు, నీళ్ళు లేకుండా మంట వస్తే గొట్టం కరిగిపోతుంది. బోరు నీళ్ళ ఇళ్ళల్లో ఇంకో బాధ, గిన్నెల అడుగున తెల్లగా పట్టే సున్నమే లోపల గొట్టంలో కూడా పడుతుంది, ధార ఏడాదికేడాది సన్నబడుతుంటే డీస్కేలింగ్ చేయించండి.

ఉప్పుగాలి సంగతి మనకి వేరే చెప్పాలా. ఎంవీపీ కాలనీ, లాసన్స్‌బే వైపు రెండేళ్ళలో డబ్బా రేకు, స్క్రూలు తుప్పు, సెల్స్ దగ్గర పచ్చగా చిలుము. నెలకోసారి సెల్స్ తీసి ఆ రేకుముక్కల్ని గరుకు కాగితంతో రుద్దండి, ఎండాకాలం అసలు వాడం కదా, అప్పుడు సెల్స్ తీసేసి, రెగ్యులేటర్ కట్టేసి గీజర్‌కి పాత దుప్పటి కప్పండి, మళ్ళీ కార్తీకంలో తీసేటప్పుడు సాలెగూళ్ళు దులిపి పైన చెప్పిన మొదటిసారి పద్ధతి మొత్తం మళ్ళీ చెయ్యండి. దుప్పటి తీశాకే సుమా. గాలికి మంట ఆరిపోతుంటే పక్కన రేకు అడ్డం పెట్టొచ్చు, గీజర్ పైన, కింద మాత్రం మూయకూడదు. హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబర్‌లో, రోజుల తరబడి కరెంట్ లేక ఇబ్బంది పడ్డవాళ్ళు చాలామంది గ్యాస్ గీజర్ మంచిదంటారు, కరెంట్ అక్కర్లేదు నిజమే, కానీ తుఫాను రోజున కిటికీలన్నీ బిగించుకుని ఉంటాం, సరిగ్గా ఆ రోజే దీన్ని వాడకూడదు.

గ్యాస్ వాసన వస్తే ఏ స్విచ్చీ వెయ్యొద్దు, తియ్యొద్దు, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు తీసి, అందర్నీ బయటకి తీసుకెళ్ళి, బయటకి వెళ్ళాకే ఫోన్ తీసి 1906కి చెయ్యండి, అది ఎల్పీజీ లీకులకి ఉన్న నంబర్.

వాసన ఏమీ లేకుండా స్నానాల గదిలో తల తిరిగినా, వికారంగా ఉన్నా, కాళ్ళు తేలిపోతున్నట్టున్నా బట్టల సంగతి కూడా చూసుకోకుండా ముందు తలుపు తీసుకుని బయటకి వచ్చేయండి. ఎవరైనా లోపల పడిపోయి ఉంటే ఊపిరి బిగబట్టి వెళ్ళి బయట గాలిలోకి లాక్కొచ్చి, అప్పుడు గ్యాస్ కట్టేసి 108కి చెయ్యండి. ఊపిరి లేకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. అంబులెన్స్ వాళ్ళకి, డాక్టర్‌కి మొదటి మాటగా "గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూమ్‌లో పడిపోయారు" అని చెప్పండి, ఇది మర్చిపోతే వాళ్ళు షుగర్, బీపీ అంటూ వెతుక్కోవాల్సి వస్తుంది. కోవిడ్ అప్పుడు అందరం కొనుక్కున్నాం కదా వేలికి పెట్టే ఆక్సీమీటర్, దానికి ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా తెలియదు, మనిషి ప్రమాదంలో ఉన్నా 98 అని చూపిస్తుంది. మా చిన్నాన్న కూడా ఆ రోజు అది పెట్టి చూసి, నంబర్ బాగానే ఉందని ఆసుపత్రికి వద్దులే కాఫీ ఇవ్వండి అన్నాడు, పిన్నే ఒప్పుకోలేదు, ఆటో పిలిచి తీసుకెళ్ళిపోయింది.

ఇప్పుడు వాళ్ళ గీజర్ వెనక బాల్కనీలో ఉంది, పన్నెండడుగుల పైపు అదనంగా పట్టింది, వేణ్ణీళ్ళు రావడానికి ముందుకన్నా కాసేపు ఎక్కువ పడుతుంది. హాల్లో బాత్రూమ్ తలుపు బయట, మొహం ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి పెట్టాను, నెల మొదటి తారీకున దాని టెస్ట్ బటన్ నొక్కే పని మా చెల్లిది.